బెల్లం కొట్టే ఇటుక

ఫోటోలో ఉన్నది తమ ఇంటి ఇటుకేనని కార్తీశ్వరికి చూడగానే తెలిసిపోయింది. తెలియకపోయినా బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది గాని, కళ్ళు ఒకసారి చూశాక చూడలేదని ఎలా అంటాయి?

ఆమె ఆ ఎగ్జిబిషన్‌కు పనిగట్టుకుని రాలేదు. ప్రతి బుధవారం కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్‌కు బస్సులో వచ్చి, బజారులో రెండు దుకాణాలకు కడలైమిఠాయి పొట్లాలు వేసి మధ్యాహ్నానికి ఇల్లు చేరడం ఆమె అలవాటు. వేరుశనగ పప్పు వేయించి, బెల్లం పాకంలో కలిపి, పలక మీద పరిచి ముక్కలు కోసే ఆ మిఠాయి పనిని అత్త సీనియమ్మాళ్ ఇంటి వెనక రేకుల కొట్టంలో నడుపుతుంది. ఆ బుధవారం ఏడేళ్ళ కూతురు నిరోషాను కూడా వెంట తెచ్చింది. పిల్లకు మళ్ళీ కడుపునొప్పి, బడికి పంపలేదు. ఎండ మాడ్చేస్తోంది. తిరుగు బస్సుకు ముప్పావు గంట ఉంది. ఒక కాలేజీ హాలు ముందు ‘ప్రవేశం ఉచితం’ అని గుడ్డ కట్టి ఉంది, లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఇంతకంటే కారణం ఏం కావాలి?

తూర్పు తీరాన ఉన్న ఒక సర్కారు అణు పరిశోధన కేంద్రానికి యాభై ఏళ్ళు నిండాయట. దాని చరిత్రనంతా పెద్ద పెద్ద ఫోటోలుగా చేసి జిల్లా జిల్లాకూ తిప్పుతున్నారు. మొదట ఇసుక దిబ్బలు, సరుగుడు తోపు, దాని చుట్టూ ముళ్ళకంచె. తర్వాత సైకిళ్ళు తొక్కుకుంటూ వస్తున్న సైంటిస్టులు, చాపంత కాగితాల మీద చేత్తో బొమ్మలు గీస్తున్న ఆడవాళ్ళు, ఎడ్లబండి మీద వస్తున్న ఏదో పెద్ద గొట్టం. బయటి దేశాలు సామాను అమ్మేది లేదన్నాక అన్నీ ఇక్కడే పోసుకుని, కోసుకుని, అతుక్కున్నామని కింద తమిళంలో రాశారు. నిరోషా ఎడ్లబండి దగ్గర నిలబడిపోయింది. కార్తీశ్వరి ముందుకు నడిచి ఐదో ఫోటో దగ్గర ఆగిపోయింది.

బూడిదరంగు ఇటుకలతో కట్టిన గోడ అది. ఒక్కో ఇటుకకు ఒక పక్క గాడి, ఇంకో పక్క ఆ గాడిలో కూర్చునే గట్టు. పెద్దవి కింద, అరచేతిలో పట్టేంత చిన్నవి పైన. గోడ ముందు పదిమంది కూలీలు బనియన్లతో వరసగా నిలబడి ఉన్నారు. ఆ చివర నడుం మీద చెయ్యి పెట్టుకుని, చెవులు రెండూ పక్కకు విచ్చుకుని నిలబడ్డ కుర్రవాడు తన మామ తిరుపతిసామి. ఇప్పుడు ఆయనకు అరవై దాటాయి, జుట్టు పోయింది గాని ఆ చెవులు ఎక్కడికీ పోలేదు.

ఎగ్జిబిషన్ చూసుకునే ఆవిడ, మెడలో గుర్తింపు కార్డు మీద శివరంజని అని ఉంది, కాలేజీ ఆడపిల్లలకు ఆ గోడ సంగతి చెబుతోంది. గోడకు అవతల పెట్టే వస్తువు కంటికి కనబడదు, వాసన రాదు, ఒంట్లోకి పోతే ఏళ్ళ తరబడి లోపలే పని చేస్తుంది అంది. దాన్ని ఆపడానికే సీసం ఇటుకలు. ఒకసారి ఆ గోడలో కూర్చున్న ఇటుకను ఊరికే బయట పారేయడానికి కూడా లేదు, దానికీ అంటుకుని ఉండొచ్చు అంది. తర్వాత కూలీల వైపు చూపిస్తూ, “సైంటిస్టుల పేర్లన్నీ దొరికాయి. వీళ్ళవి ఒక్కటీ లేదు. ఎవరైనా గుర్తుపడితే చెప్పండి, ఫోటో కింద రాయిస్తాం” అంది.

కార్తీశ్వరి పిల్ల రెక్క పట్టుకుని బయటికి నడిచింది. బస్సులో సాత్తూరు వచ్చేదాకా ఆమెకు ఒంటి మీద స్పృహ లేదు. పక్కన నిరోషా పొట్ట పట్టుకుని ఒంగి కూర్చుంది, మొహం పాలిపోయి ఉంది. నాలుగేళ్ళుగా ఇదే వరస. నులిపురుగుల మందు వేశారు, రక్తం తక్కువని టానిక్కు పోశారు, దిష్టి తీశారు. కారణం మాత్రం ఎవరికీ అంతు చిక్కలేదు. చెప్పిన పాఠం రెండో రోజుకు గుర్తుండదని బడిలో టీచరు వేరే మొత్తుకుంటోంది. కంటికి కనబడదు, వాసన రాదు, ఏళ్ళ తరబడి లోపలే పని చేస్తుంది. ఆ మాటలు ఆమె బుర్రలో పురుగులా తిరగడం మొదలుపెట్టాయి.

ఇంటికి వచ్చేసరికి సీనియమ్మాళ్ కొట్టంలో బెల్లం కొడుతోంది. ఆ ఇటుకతోనే. కార్తీశ్వరి ఈ ఇంటికి కోడలై వచ్చేనాటికే అది పీట పక్కన ఉంది. గుండు అంటారు దాన్ని ఇంట్లో. మిఠాయి పనిలో బెల్లం కొట్టడం పెద్ద తలనొప్పి. ఇనుప రోకలితో కొడితే ముక్కలు ఎగిరి నాలుగు మూలలా పడతాయి, రాయితో కొడితే రాతిపొడి రాలుతుంది. ఈ గుండు అలా కాదు. బరువుగా, మెత్తగా దిగుతుంది, బెల్లం అచ్చు దాని కిందే పగిలి బుద్ధిగా కూర్చుంటుంది. సీనియమ్మాళ్‌కు అదంటే ఎంత ముద్దంటే పొరుగింటికి అరువు కూడా ఇవ్వదు. కొట్టాక అరచేతులు నల్లగా అవుతాయి, కొంగుకు తుడుచుకుంటుంది. తగరపు చెంబులో రసం కాచుకునే ఊరు అది. వాళ్ళమ్మ రసం చెంబు కూడా ఇలాగే మెత్తగా, బూడిదరంగుగా ఉండేది కాబట్టి ఇదీ ఆ లోహమేనని, వంటకు మంచిదేనని ముప్ఫై ఐదేళ్ళ కిందటే తీర్పు చెప్పేసింది. ఆ తీర్పు మీద అప్పీలు ఎవరు చేస్తారు?

నిరోషా వెళ్ళి అవ్వ పక్కన కూర్చుంది. వేలు తడి చేసుకుని పీట మీది బెల్లం పొడి అద్దుకుని నోట్లో పెట్టుకుంది. రోజూ చేసే పనే.

“ముట్టబాకు” అని కార్తీశ్వరి పిల్లను లాగేసింది. అత్త చేతిలోంచి గుండు తీసుకుని, పాత గుడ్డలో పట్టుకుని దొడ్లో బట్టలుతికే రాయి కింద పెట్టేసింది.

“ఏమే, పిచ్చి పట్టినాదా నీకు? పాకం కాయాల” అంది సీనియమ్మాళ్.

“రాయితో కొట్టండి అత్తా. రెండు దినాలు.”

“ఏంటికి?”

ఏంటికో చెప్పడానికి కార్తీశ్వరికి ధైర్యం చాల్లేదు. మామ బజారు నుంచి వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడింది.

“మామా, ఈ గుండు యాడిది?”

తిరుపతిసామి వక్క నములుతూ చెప్పులు విడిచాడు. “కాయలాన్ కొట్టులో కొన్న్యా. మద్రాసులో. ఎప్పటి సంగతి అది” అన్నాడు. కాయలాన్ కొట్టు అంటే పాత ఇనుప సామాను అంగడి.

“విరుదునగర్‌లో మీ పోటో చూస్తిని మామా. ఈ మాదిరి ఇటుకలే గోడంతా. మీరు దాని ముందర నిలబడి ఉండారు.”

ఆయన దవడ ఆగిపోయింది. ఏ ఫోటో అని అడగలేదు, ఎక్కడ అని అడగలేదు. “ఎవరికైనా చెప్తివా?” అన్నాడు.

“లేదు.”

“చెప్పబాకు. ఆ గేటులో వేలిముద్ర ఏసుకోని లోపలికి ఇడిసిరి మమ్మల్ని. లోపలి మాట బయట అంటే జైలే అనిరి. నాకు పింఛను వస్తుండాది, అబ్బాయికి పని ఉండాది. ఇప్పుడు పోయి పామును ఏంటికి తట్టి లేపుతావు?”

“పిళ్ళకు కడుపునొప్పి దానివల్లనేమో అని బయంగా ఉండాది మామా.”

“పిళ్ళకు ఏం లేదు. కొట్టులో కొన్న్యానని చెప్తిని గదా.” ఆయన వక్క ఉమ్మేసి లోపలికి పోయాడు. ఎప్పుడూ మొహం చూసి మాట్లాడే మనిషి ఈసారి కోడలి వైపు చూడలేదు, అందుకే అబద్ధం గుమ్మంలోనే దొరికిపోయింది.

ఆ రోజు ఆయన నిజం చెప్పి ఉంటే కథ ఇంకోలా పోయేది. నిజం చెబితే కార్తీశ్వరి మనసు కుదుటపడి ఆ గుండును మళ్ళీ పీట పక్కనే పెట్టేసేది, అది ఇప్పటికీ అక్కడే ఉండేది. ముసలాయన భయంతో ఆడిన అబద్ధమే పిల్లను కాపాడింది. ఆ మాట ఆయనకు ఓదార్పు అవుతుందో, ఇంకో పోటు అవుతుందో నాకు తెలియదు.

భర్త సురేష్‌కుమార్ అగ్గిపెట్టెల కంపెనీలో పుల్లలను మందులో ముంచే పని చేస్తాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. అన్నం తింటూ అంతా విన్నాడు. “మా నాయన బయపడేది నేను ఎప్పుడూ చూడలా” అన్నాడు చివరికి. “దాన్ని తీస్కపోయి బాయిలో ఏసేస్తా. వదిలెయ్.”

“బాయిలో ఏస్తే పిళ్ళ కడుపులోది ఎట్ల పోతుంది?”

అతను కంచం తీసి లేచాడు. రెండు రోజులు ఆమె పిల్లను చూస్తూ గడిపింది. జడ వేస్తూ వెంట్రుకలు ఎక్కువ రాలుతున్నాయా అని చూసింది. గోళ్ళు చూసింది, నాలుక చాపమని చూసింది. తనవీ చూసుకుంది. అత్త దగ్గితే ఉలిక్కిపడింది. ఇల్లంతా ఏదో అంటుకుని ఉన్నట్టే అనిపించి, ఎవరూ చూడకుండా పీటను చింతపండుతో రెండుసార్లు తోమింది. కంటికి కనబడనిదాన్ని చింతపండు ఏం చేస్తుందో ఆమెకే తెలియదు. ఊరికే కూర్చోలేక తోమింది.

శుక్రవారం ఉదయం, మామ టీ తాగడానికి వెళ్ళగానే ఆమె గుండును పాత చీర ముక్కలో చుట్టి, పాలిథిన్ కవరులో వేసి, దాన్ని బిస్కెట్ డబ్బాలో పెట్టి, డబ్బాను వైరుసంచిలో దించింది. బస్టాండులో విరుదునగర్ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. సంచిని ఒళ్ళో పెట్టుకోవడానికి మనసొప్పలేదు, కాళ్ళ మధ్య పెట్టుకుంది.

బస్సు కదిలేముందు కడుపుతో ఉన్న ఒక పడుచుపిల్ల వచ్చి పక్కన కూర్చుంది. ఏడో నెలో ఎనిమిదో నెలో, గాజులు గలగలమంటున్నాయి. కార్తీశ్వరి లేచి, సంచి తీసుకుని వెనక మెట్ల దగ్గరికి పోయి నిలబడింది. ఆ పిల్ల చిన్నబుచ్చుకున్నట్టు చూసింది. కండక్టరు వచ్చి, “సీటు ఉంటే కూర్చోవేంటమ్మా, దారికి అడ్డం, ఆ సంచి పైన పెట్టు” అని తమిళంలో కసిరాడు. పైన పెడితే దాని కింద ఎవరో ఒకరి తల ఉంటుంది. వాంతి వచ్చేలా ఉందని అబద్ధం చెప్పి సాత్తూరు దాటేదాకా అక్కడే నిలబడింది. మలుపుల్లో సంచి మోకాలికి తగిలినప్పుడల్లా కాలు వెనక్కి లాక్కుంది. గంట ప్రయాణం ఆమెకు ఒక పూటంత అయింది.

హాలులో ఆ వేళకు జనం లేరు. శివరంజని ఒక మూల టిఫిన్ డబ్బా విప్పుకుంటోంది. కార్తీశ్వరి వెళ్ళి ఎదురుగా నిలబడి, సంచిలోంచి డబ్బా, డబ్బాలోంచి కవరు, కవరులోంచి గుడ్డ ఒక్కొక్కటే తీసి బల్ల మీద విప్పింది.

శివరంజని టిఫిన్ మూత మళ్ళీ పెట్టేసింది. వంగి చూసింది, కాని ముట్టుకోలేదు. సొరుగులోంచి చేతితొడుగులు తీసి వేసుకుంది.

“ఇది ఎక్కడిది అక్కా?” అంది శివరంజని తమిళంలో.

“మా ఇంట్లోది. ముప్ఫై ఐదేళ్ళుగా ఉంది. నాకు ఏడేళ్ళ కూతురు ఉంది. దీనికి ఆ అంటు ఉందో లేదో చెప్పండి. తర్వాత పోలీసును పిలిచినా సరే.”

కంటికి కనబడనిదాన్ని పసిగడుతుందని పిల్లలకు చూపించడానికి తెచ్చిన పసుపుపచ్చ పెట్టె ఒకటి ఉంది అక్కడ. శివరంజని దాని మీట నొక్కింది. ఇటుక ఇంకా అవతల బల్ల మీదే ఉంది, పెట్టె అప్పుడే టక్ అంది. కాస్త ఆగి మళ్ళీ టక్ అంది. కార్తీశ్వరి బల్ల అంచు పట్టుకుంది.

“భయపడొద్దు. నేలలో, గోడలో, మన ఒంట్లో ఎక్కడైనా ఈపాటి ఉంటుంది. దానికి మించి ఉందా అన్నదే చూడాలి.” పెట్టెను ఇటుక దగ్గరికి తెచ్చింది. టక్. చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ టక్. తిరగేసి చూసింది, గాడిలో పెట్టి చూసింది. గుండ్రటి కాగితం ఒకటి తీసి ఇటుకను నాలుగు వైపులా తుడిచి, ఆ కాగితాన్ని పెట్టె కింద పెట్టింది. ఐదు నిమిషాలు చేతిగడియారం చూస్తూ లెక్కపెట్టింది.

“ఏమీ లేదక్కా” అంది శివరంజని. “ఇది గోడలో ఎప్పుడూ కూర్చోలేదు. పోత పోసిన షెడ్డులోంచే బయటికి వచ్చేసినట్టుంది. ఏ అంటూ లేదు.”

కార్తీశ్వరి కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. సిగ్గు లేకుండా, గట్టిగా ఏడ్చింది. ఏడుస్తూనే మామ సంగతి చెప్పింది, ఫోటోలో చివరి మనిషి ఆయనే అంది, ఆయన్ని ఏమీ చేయొద్దంది. శివరంజని నవ్వింది. ఇన్నేళ్ళ తర్వాత ఒక చిన్న ఇటుక కోసం ఎవరూ రారని, ఫోటో కింద రాయడానికి ఆ పదిమందిలో మొదటి పేరు దొరికిందని సంబరపడి నోటుబుక్కు తీసింది. తిరుపతిసామి అని రాసుకుంది. రాసుకుంటూ మాటవరసకు అడిగింది.

“ఇన్నేళ్ళూ దీన్ని ఇంట్లో ఏం చేశారక్కా? తలుపుకు అడ్డం పెట్టుకున్నారా?”

“లేదమ్మా. బెల్లం కొట్టేవాళ్ళం. మిఠాయికి.”

కలం ఆగింది. “బెల్లమా? తినే బెల్లమా?”

“అవును. రోజూ పది పన్నెండు అచ్చులు.”

శివరంజని ఇటుకను రెండు చేతుల్లోకి తీసుకుని వెలుగులో తిప్పింది. అంచులన్నీ అరిగి గుండ్రంగా ఉన్నాయి, ఒక ముఖం దొన్నెలా గుంట పడింది. లేచి, పక్కనున్న కెమిస్ట్రీ ల్యాబులోంచి త్రాసు అడిగి తెచ్చింది. రెండు కిలోల ఆరువందల ఇరవై గ్రాములు చూపించింది.

“మా రికార్డుల్లో ఈ సైజు ఇటుక మూడు కిలోలకు ముప్ఫై గ్రాములు తక్కువ. అక్కా, ఇది అణువు సంగతి కాదు. సీసమే విషం. మూడువందల యాభై గ్రాములు అరిగిపోయింది. అది బెల్లంలో కాక ఎక్కడికి పోయింది?” ఆమె ఇటుకను త్రాసు మీంచి దించింది. “పిల్లకు కడుపునొప్పి వస్తుందా?”

కార్తీశ్వరి తల ఊపింది.

“పాలిపోయి ఉంటుందా? చెప్పింది మరిచిపోతుందా?”

ఇంతకుముందు ఏడ్చిన ఏడుపు ఎంత తేలికో కార్తీశ్వరికి అప్పుడు తెలిసింది. రెండు రోజులుగా తప్పు దెయ్యానికి భయపడింది. అసలుది పీట మీద, పట్టపగలు, అందరి కళ్ళ ముందూ ఉంది.

ఆ మధ్యాహ్నమే ఆమె బజారులో రెండు దుకాణాలకూ వెళ్ళి మిగిలిన పొట్లాలు వెనక్కి తీసుకుంది. కారణం దాచలేదు. ఒకాయన తిట్టాడు, ఒకాయన తన మనవడికి కూడా అదే పెట్టానని తల పట్టుకున్నాడు. ఇంటికి వచ్చి వీధిలో గడప గడపకూ తిరిగి చెప్పింది. సీనియమ్మాళ్ మొదట నమ్మలేదు, ముప్ఫై ఐదేళ్ళు తిన్నాను, నేను చచ్చానా అని అరిచింది. తర్వాత పొయ్యి ఆర్పి, పాకం మూకుడు బోర్లించి, కొట్టం తలుపు తనే మూసింది. రక్తం పరీక్ష మధురైలో చేయాలట. నలుగురు పెద్దవాళ్ళవీ, పిల్లదీ రక్తం తీసి పంపారు. పది రోజులు ఆగమన్నారు.

ఆ పది రోజులూ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగా మాట్లాడుకోలేదు. తిరుపతిసామి టీ కొట్టుకు పోవడం మానేశాడు. పోలీసు వస్తాడని ముప్ఫై ఐదేళ్ళు వీధివైపు చూసిన మనిషి, ఇప్పుడు ఎవరూ రారని తెలిసినా అదే వైపు చూస్తూ కూర్చునేవాడు.

పదకొండో రోజున అందరూ విరుదునగర్‌లో డాక్టరమ్మ గదిలో కూర్చున్నారు. ఆమె వయసులో చిన్నది, మాట మాత్రం నిదానం. నిరోషా కాగితం ముందు తీసింది. రక్తంలో సీసం ఐదు దాటకూడని చోట నలభై ఒకటి ఉంది. సీనియమ్మాళ్‌కు ఇరవై తొమ్మిది, మిగతావాళ్ళకు కొంచెం అటూ ఇటూ.

“పిల్లకు ఈ రోజే మందు మొదలుపెడదాం. ఆ బెల్లం ఆగిపోయింది కాబట్టి ఇది దిగుతుంది. కడుపునొప్పి పోతుంది, రక్తం పడుతుంది” అంది డాక్టరమ్మ తమిళంలో.

“చదువు?” అంది కార్తీశ్వరి.

డాక్టరమ్మ కాగితం బల్ల మీద పెట్టింది. “చిన్న వయసులో ఇది మెదడు మీద పని చేస్తుందమ్మా. కొంత వెనక్కి వస్తుంది. ఎంత అని నేను మాట ఇవ్వలేను. ఓపికగా చెప్పాలి, పదిసార్లు చెప్పాలి.”

అప్పుడు సురేష్‌కుమార్ గొంతు సవరించుకున్నాడు. పదేళ్ళ కాపురంలో అతను పరాయివాళ్ళ ముందు తనంతట తాను నోరు విప్పడం కార్తీశ్వరి చూడలేదు.

“నేనూ ఆ పీట పక్కనే పెరిగాను మేడమ్” అన్నాడు. “ఎనిమిదో తరగతి రెండుసార్లు తప్పాను. పుస్తకం తీస్తే అక్షరాలు కనబడేవి, లోపలికి పోయేవి కావు. అది దీనివల్లేనా?”

డాక్టరమ్మ అతని కాగితం కూడా తీసి చూసింది. “ఇప్పటి రక్తం అప్పటి సంగతి చెప్పదు. అయి ఉండొచ్చు. కాకపోనూవచ్చు. ఇక తెలుసుకోవడానికి దారి లేదు.”

అతను సరేనన్నట్టు తల ఊపాడు. తిరుపతిసామి నేలచూపులు చూస్తున్నాడు. ఆ రెండు సంవత్సరాలూ ఆయన కొడుకును స్తంభానికి కట్టి బెల్టుతో కొట్టిన సంగతి వీధి వీధంతటికీ తెలుసు. సీనియమ్మాళ్ ఇప్పటికీ అది చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తుంది.

ముసలాయన ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో అన్నాడు. డాక్టరమ్మకు అర్థం కాకూడదని కాదు, ఆయనకు ఆ మాటలు ఇంకో భాషలో రావు. “నా చేత్తో పోసిన ఇటుకరా అది. వేయి పోస్తిమి. అన్నీ గోడలోకి పాయె. ఒకటన్నా నా దగ్గిర ఉండనీ అని టిపన్ క్యారియరులో పెట్టుకోని వస్తిని. ఇంటికి ఇసం తెచ్చి పెట్టి, నీకు బుద్ది లేదు అని నిన్ను కొడ్తిని.”

సురేష్‌కుమార్ ఒళ్ళో చేతులు చూసుకున్నాడు, మందు మరకలు పోని చేతులు. “పోయింది పోనీ నాయనా” అన్నాడు. “ఇంక ఈ పిళ్ళను ఎవరూ కొట్టబాకండి.”

తండ్రితోనే అన్నాడు. భార్య వైపు చూడను కూడా చూడలేదు. చూడవలసిన పని లేదు. ఈ పది రోజులూ కార్తీశ్వరి రోజూ సాయంత్రం పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఎక్కాలు అప్పజెప్పించుకుంది. పిల్లకు ఏమీ కాలేదని, బుర్ర బాగానే ఉందని తనకు తాను రుజువు చేసుకోవాలని. మొన్న ఆదివారం ఏడో ఎక్కం ఐదు దగ్గర ఆగిపోయింది. మళ్ళీ చెప్పమంది, మళ్ళీ ఆగిపోయింది. మూడోసారి ఆగినప్పుడు భయం నెత్తికెక్కి, నల్లగా కమిలేదాకా తొడపాశం పెట్టింది. అప్పుడు అతను గుమ్మంలోనే ఉన్నాడు.

కార్తీశ్వరి కూతురి వైపు చెయ్యి చాపింది, దగ్గరికి తీసుకుందామని. నిరోషా గబుక్కున గౌను మోకాళ్ళ కిందికి లాక్కుని, “ఏడైదులు ముప్పైఐదు” అంది.